షార్లమేన్ తాయెత్తు: ఆఖెన్ నుంచి రీమ్స్ దాకా

ఫ్రాన్స్‌లోని రీమ్స్ నగరంలో, కెథడ్రల్ పక్కనే ఉన్న పాత ఆర్చిబిషప్ భవనం ఇప్పుడు మ్యూజియం. అక్కడి నిధుల్లో అరచేతిలో ఇమిడే గుండ్రటి బంగారు లాకెట్ ఒకటి ఉంది. చుట్టూ ముత్యాలు, పచ్చలు, ఎర్రటి గార్నెట్లు. వాటి మధ్యంతా సన్నని బంగారు తీగ పని. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ చూసినవారి కళ్లకు ఆ పనితనం కొత్తగా అనిపించదు. ముందూ వెనకా చెరో పెద్ద రాయి. ఒకటి అసలైన నీలం, రెండోది తర్వాతి కాలంలో అమర్చిన నీలి గాజు. రెంటి మధ్య ఖాళీలో మొదట మేరీమాత వెంట్రుకలు ఉండేవని నమ్మేవారు. తర్వాత వాటి స్థానంలోకి ఏసును శిలువ వేసిన కొయ్యదని చెప్పే చిన్న ముక్క వచ్చింది.

దీన్ని ‘షార్లమేన్ తాయెత్తు’ అంటారు. పశ్చిమ యూరప్‌లో చాలా భాగాన్ని ఏలి, 800లో రోమ్‌లో చక్రవర్తిగా కిరీటం ధరించిన షార్లమేన్ మెడలో ఇది ఉండేదని, సమాధి తెరిచినప్పుడు ఆయన దేహం మీదే దొరికిందని కథ. ఈ లాకెట్ గురించి అందరూ మొదట చెప్పేది ఆ కథే. కానీ దీని చరిత్రలో అన్నిటికన్నా బలహీనమైన ముడి కూడా అదే.

షార్లమేన్ 814 జనవరిలో ఇప్పటి జర్మనీలోని ఆఖెన్‌లో మరణించాడు. ఆయన్ని దగ్గరగా ఎరిగిన ఐన్‌హార్డ్ జీవిత చరిత్ర రాస్తూ, షార్లమేన్ తాను కట్టించిన చర్చిలోనే ఆయన్ని అదే రోజు ఖననం చేశారన్నాడు కానీ మెడలోని నగ ఊసెత్తలేదు. 1000లో చక్రవర్తి మూడో ఒట్టో సమాధి తెరిపించాడు. ఆ కాలపు చరిత్రకారుడు థీట్‌మార్ లెక్క ప్రకారం ఒట్టో తీసుకున్నది మెడలోని బంగారు శిలువను, కొంత వస్త్రాన్ని. గుండ్రటి లాకెట్ మాట అక్కడా లేదు. 1165లో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా మళ్లీ తెరిపించాడు. పనితనాన్ని బట్టి లాకెట్ 9వ శతాబ్దానిది. ఆ శతాబ్దంలో షార్లమేన్ బతికింది మొదటి పద్నాలుగేళ్లే.

ఆధారాలతో నడిచే అసలు కథ 1804లో మొదలవుతుంది. అప్పటికి పదేళ్ల కిందటే ఫ్రెంచ్ సేనలు ఆఖెన్‌ను ఆక్రమించాయి. సైన్యం వస్తోందని తెలిసి చర్చి నిధిని ముందుగానే మరో జర్మన్ నగరం పాడర్‌బార్న్‌కు తరలించారు. ఆఖెన్‌కు మార్క్ ఆంత్వాన్ బెర్డొలే బిషప్‌గా వచ్చింది నెపోలియన్ హయాంలోనే. 1804 వేసవిలో అక్కడి వేడి నీటి బుగ్గల కోసం నెపోలియన్ భార్య జోసెఫిన్ వచ్చింది. ఆ ఏడాదే నిధి తిరిగొచ్చింది. ఆ నిధిలోంచే ఈ లాకెట్ ఆమెకు కానుకగా వెళ్లింది. డిసెంబర్ 2న పారిస్ నోత్రదామ్ చర్చిలో జరిగిన నెపోలియన్ పట్టాభిషేకంలో ఆమె దీన్ని ధరించిందని కూడా చెప్పుకుంటారు.

కానుక అని రాయడానికే మనసు ఒప్పదు. దండెత్తి వచ్చిన దేశపు ప్రభువు భార్యకు, ఆ ప్రభువు నియమించిన బిషప్ ఇచ్చిన వస్తువు ఇది. కాదనగల స్థితి ఆ చర్చికి ఎక్కడిది? పైగా నెపోలియన్ తనను తాను షార్లమేన్ వారసుడిగా చూపించుకుంటున్న రోజులవి. పాత రాజవంశంతో రక్త సంబంధం లేని కొత్త చక్రవర్తికి వెయ్యేళ్ల నాటి పేరు ఎంతో అవసరం.

జోసెఫిన్ తర్వాత ఇది కూతురు ఓర్తాన్స్‌కు చేరింది. ఆమె హాలండ్ రాణిగా చేసింది. 1837లో స్విట్జర్లాండ్‌లో కన్నుమూసింది. ఆమె కొడుకే ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్. 1870లో సెడాన్‌లో ఓడి అతను సింహాసనం పోగొట్టుకున్నాడు. 1887లో ఫ్రెంచ్ ప్రభుత్వం రాజ్యానికి చెందిన నగలను వేలం వేసింది. లాకెట్ కుటుంబ ఆస్తి కాబట్టి ఆ వేలానికి చిక్కలేదు. మూడో నెపోలియన్ భార్య యుజీనీతో పాటు ఇంగ్లండ్‌లో ప్రవాసంలో ఉండిపోయింది. 1873లో భర్త పోయాడు. 1879లో ఒక్కగానొక్క కొడుకు దక్షిణాఫ్రికాలో జులూ తెగ యోధుల చేతిలో చనిపోయాడు. ఇక దాన్ని అందుకోవలసిన వారసుడు లేడు.

1914 సెప్టెంబరులో జర్మన్ ఫిరంగులు రీమ్స్ కెథడ్రల్‌ను తగలబెట్టాయి. ఫ్రెంచ్ రాజులకు తరతరాలుగా పట్టాభిషేకాలు జరిగిన చోటు అది. ఆ గాయానికి ఊరటగా, 1919లో, తొంభైలు దాటిన యుజీనీ లాకెట్‌ను రీమ్స్ ఆర్చిబిషప్‌కు ఇచ్చేసింది. మరుసటి ఏడాది ఆమె కన్నుమూసింది. ఆమె దుఃఖంలో నిజాయితీని శంకించలేం. అయినా ఒకటి గమనించాలి. జర్మన్లు చేసిన నష్టానికి బదులుగా వెళ్లిన ఈ వస్తువు, అంతకు ముందు ఫ్రెంచ్ ఆక్రమణలో జర్మన్ నగరం పోగొట్టుకున్నదే.

ఇటీవలి సంవత్సరాల్లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు రాళ్లను ఊడదీయకుండానే పరీక్షించారు. సుమారు 190 కారెట్ల ఆ పెద్ద నీలం శ్రీలంకదని, పచ్చలు ఎక్కువగా ఈజిప్టువని, గార్నెట్లు భారత్ నుంచో శ్రీలంక నుంచో వెళ్లి ఉంటాయని తేల్చారు. అంత దూరం రాళ్లు ఎలా వెళ్లాయన్న దానికి మన నేల మీదే ఒక జాడ ఉంది. పుదుచ్చేరి దగ్గరి ప్రాచీన రేవు అరికమేడులో దొరికిన గార్నెట్ పూసలు, తెలంగాణలో కొత్తగూడెం ప్రాంతపు గరీబ్‌పేట గుట్ట రాయితో సరిపోలాయి. ఈ లాకెట్ తయారీకి ఎన్నో వందల ఏళ్ల ముందే తూర్పు తీరానికి ఎర్ర రాయి చేరుతుండేదన్నమాట.

ఈ లాకెట్‌కు షార్లమేన్ పేరు ఉండనివ్వండి, పాత నమ్మకానికి కూడా చరిత్రలో చోటుంది. కానీ దాని పక్కన రాసే నాలుగు ముక్కల్లో 1804 సంగతి కచ్చితంగా ఉండాలి. ఏ పరిస్థితుల్లో అది ఆఖెన్ దాటిందో చెప్పకుండా యుజీనీ ఔదార్యాన్ని మాత్రమే చెబితే, వస్తువు పోగొట్టుకున్న చర్చికి ఆ కథలో చోటే లేకుండా పోతుంది.