మానిటర్ మీద కనిపించే ఆ 95 ఎక్కడి నుంచి వచ్చింది?

ఐసీయూలో మనవాళ్లుంటే మన కళ్లు మానిటర్ మీది ఒక్క అంకెనే వెతుక్కుంటాయి. వేలికి తగిలించే క్లిప్పు, అంటే పల్స్ ఆక్సీమీటర్, చూపించే శాచురేషన్ అది: రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం నిండి ఉందో చెప్పే అంకె. కోవిడ్ సెకండ్ వేవ్‌లో అదే అంకె ఇళ్లలోకీ వచ్చింది, 94 కంటే తగ్గితే చాలు టెన్షన్. అందులో అంచనా పాలు ఎంతో మాత్రం మనకెవరూ చెప్పలేదు.

1970ల మొదట్లో జపాన్‌లో నిహాన్ కోడెన్ అనే వైద్య పరికరాల కంపెనీ ఇంజనీరు టకువో అయోయాగి నిజానికి ఆక్సిజన్ కోసం వెతకలేదు. రక్తంలోకి రంగు ఎక్కించి, చెవి తమ్మె గుండా వెలుతురు పంపి, ఆ రంగు పలచబడే తీరును బట్టి గుండె ఎంత రక్తం పంపుతోందో లెక్కగట్టాలని చూస్తుంటే, నాడి కొట్టుకున్నప్పుడల్లా గీత అదిరి లెక్క చెడిపోయేది. ఆ అదురు తీసేద్దామని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు కూడా కలిపి చూస్తే, ఆక్సిజన్ మారగానే అదురు మళ్లీ పైకొచ్చింది. అడ్డమనుకున్న నాడితోనే ధమని రక్తంలో ఆక్సిజన్ చూడొచ్చని ఆయనకు అప్పుడు తట్టింది. 1974లో ప్రకటించారు. 80లలో అమెరికా కంపెనీల చేతుల్లో అది ఆపరేషన్ థియేటర్లకు చేరింది. అంతకుముందు పెదాలూ గోళ్లూ నీలంగా మారాయా అని చూడటమే దిక్కు, శాచురేషన్ 80 దగ్గరికి పడితే గానీ డాక్టర్ల కంటికి కూడా అది సరిగా ఆనదని 1947లోనే తేలింది.

కాబట్టి ఈ పరికరం ఎంతోమందిని బతికించింది, అందులో అనుమానం లేదు. కానీ అంతా నాడి మీదే నడుస్తుంది. షాక్‌లో బీపీ పడిపోయి, వేళ్లు చల్లబడి రక్తం సరిగా అందనప్పుడు మానిటర్ మీది నాడి అల చదునైపోతుంది, అప్పుడు పక్కన 97 ఉన్నా నమ్మడానికి లేదు. అందుకే నర్సులు క్లిప్పు వేరే వేలికో చెవికో మారుస్తారు, అనుమానముంటే ధమని రక్తం తీసి, అందులో ఆక్సిజన్‌ను నేరుగా కొలిచే ఏబీజీ పరీక్ష చేస్తారు.

నాకు కోపం తెప్పించేది రెండో సంగతి. వాలంటీర్ల చేత ఆక్సిజన్ తక్కువున్న గాలి పీల్పించి, క్లిప్పు వెలుతురు రీడింగును వాళ్ల రక్త పరీక్షతో పోల్చి రాసుకున్న లెక్కే ప్రతి ఆక్సీమీటర్‌లోనూ ఉంటుంది, ఆ వాలంటీర్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. వెంటిలేటర్ మీదున్న నల్లజాతి రోగుల్లో తప్పు ఎక్కువొస్తోందని 1990లోనే అమెరికాలో చూపించారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2020 డిసెంబరులో వచ్చిన మరో అధ్యయనంలో, రీడింగ్ 92 నుంచి 96 ఉన్నా అసలు శాచురేషన్ 88 కంటే తక్కువున్న సందర్భాలు నల్లవాళ్లలో 11.7 శాతం, తెల్లవాళ్లలో 3.6 శాతం! తర్వాత కోవిడ్ రోగుల మీద చేసిన అధ్యయనంలో ఆసియా మూలాలవాళ్లకూ అంకె ఎక్కువ చూపిస్తోందని తేలింది, అంటే వాళ్లకు వైద్యం ఆలస్యమయ్యే ప్రమాదం ఉన్నట్టే.

మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2013 మార్గదర్శకాల ప్రకారం ఆక్సీమీటర్ పరీక్షకు పదిమంది చాలు, అందులో ముదురు రంగువాళ్లు కనీసం ఇద్దరు. 2025 జనవరి ముసాయిదాలో ఆ పదిని 150కి పెంచాలన్నారు. మన ఐసీయూల్లో, ఇళ్లలో ఉన్న క్లిప్పుల్లో చాలా ఆ ముసాయిదాకు ముందువే. రీడింగ్ బాగానే ఉన్నా మనిషి ఆయాసపడుతుంటే, మగతగా ఉంటే, ఏబీజీ చేశారా అని డాక్టర్‌ని అడగండి.