సక్సెస్ అని వస్తే కనిష్ఠం దొరికినట్లేనా? అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మోడలింగ్ పని చేస్తున్న మన తెలుగు ఇంజినీర్లు, పరిశోధక విద్యార్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "సైపై సక్సెస్ అని చూపించింది కదా, మరి జవాబు ఎందుకు తేడా వస్తోంది?" సైపై అంటే పైథాన్ భాషలో శాస్త్రీయ గణనలకు వాడే లైబ్రరీ. ఒక ప్రమేయం (ఫంక్షన్) విలువ అతి తక్కువగా ఉండే చోటును, అంటే కనిష్ఠాన్ని, వెతకడానికీ దాన్ని వాడతారు.

అపోహ: సక్సెస్ అని వస్తే, ప్రమేయానికి అన్నిటికంటే తక్కువ విలువ దొరికినట్లే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువగా నష్టపరుస్తున్న నమ్మకం ఇదే. హద్దులు, షరతులు లేని సమస్యను పద్ధతి పేరు చెప్పకుండా ఇస్తే, సైపై బీఎఫ్‌జీఎస్ అనే పద్ధతిని వాడుతుంది. అది తానున్న చోటి వాలును బట్టి కిందికి దిగుతూ, వాలు దాదాపు సున్నా అయిన చోట ఆగుతుంది. సక్సెస్ అనే మాటకు అంతకు మించిన అర్థం లేదు. ఎక్స్ నాలుగో ఘాతంలోంచి ఎక్స్ వర్గానికి నాలుగు రెట్లు తీసివేసి, ఎక్స్‌ను కూడితే వచ్చే ప్రమేయాన్ని ప్రయత్నించి చూడండి. 1 దగ్గర మొదలుపెడితే 1.347 వద్ద ఆగి విలువ -2.62 అంటుంది, -1 దగ్గర మొదలుపెడితే -1.473 వద్ద ఆగి -5.44 అంటుంది, రెండుసార్లూ సక్సెస్ అనే చూపిస్తుంది.

వైట్‌ఫీల్డ్‌లో బ్యాటరీ మోడళ్లపై పనిచేసే కర్నూలు అమ్మాయి ఒకరు రివ్యూకు ముందురోజు రాత్రి ఫోన్ చేసి, "అన్నా, నా లాప్‌టాప్‌లో ఒక జవాబు, మా టీమ్‌లో అతనికి ఇంకొక జవాబు వస్తోంది, నా మోడలే తప్పేమో" అని బాధపడింది. లైబ్రరీలో బగ్ ఉందని, మాట్‌ల్యాబ్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో అయితే సరిగ్గా వస్తుందని ఎవరో ఆమెకు చెప్పారు. ఇలాంటి మాటలు ప్రచారం చేసేవారు ఒక్కసారి డాక్యుమెంటేషన్ చదివితే బాగుంటుంది, ఎందుకంటే మాట్‌ల్యాబ్‌లో ఇదే పని చేసే ఎఫ్‌మిన్‌అంక్ కూడా స్థానిక కనిష్ఠాన్నే (చుట్టుపక్కల వరకే తక్కువైన విలువను) ఇవ్వవచ్చని అందులోనే రాసి ఉంది. నిజానికి వారిద్దరి ప్రారంభ బిందువులు వేరు. పైగా నిరోధం ఓమ్‌లో వందో వంతుల్లోనూ, కెపాసిటెన్స్ వేల ఫారడ్లలోనూ ఉండటంతో, రెంటినీ ఒకే కొలతతో కదిలించడం ఆ పద్ధతికి కష్టమైంది. రెంటికీ లాగరిథమ్ తీసుకుని, భౌతికంగా సాధ్యమైన పరిధిలో పదుల కొద్దీ యాదృచ్ఛిక బిందువుల నుంచి నడిపి, ఫలితాలను విలువ ప్రకారం వరుసలో పెట్టమన్నాను. అతి తక్కువ విలువ అనేక చోట్ల నుంచి మళ్లీ మళ్లీ వచ్చింది. ఇది రుజువు కాదు, బలమైన ఆధారం మాత్రమే. ప్రమేయం కుంభాకారమైతే (ఒకే గిన్నె ఆకారంలో ఉంటే) తప్ప అంతకంటే గట్టి హామీ సాధారణంగా దొరకదు. ఆమె మోడల్‌లో మాత్రం ఏ తప్పూ లేదు.

అపోహ: టాలరెన్స్‌ను 10⁻¹²కి తగ్గిస్తే కచ్చితత్వం పెరుగుతుంది.

వాస్తవం: టాలరెన్స్ అంటే ఎంత చిన్న తేడా వచ్చాక ఆగాలో చెప్పే హద్దు. కంప్యూటర్ మామూలుగా సంఖ్యలను దాచే డబుల్ ప్రెసిషన్‌లో ఉండేది దాదాపు 16 అంకెలు. కనిష్ఠం దగ్గర ప్రమేయం చదునుగా ఉంటుంది కాబట్టి, ఎక్స్ పది కోట్లలో ఒక వంతు జరిగినా విలువలో తేడా కనిపించదు. అవకలజం (వాలును ఇచ్చే సూత్రం) మీరు ఇవ్వకపోతే సాఫ్ట్‌వేర్ తేడాలు తీసి అంచనా వేస్తుంది, ఆ అంచనాలోనే 10⁻¹² కంటే పెద్ద దోషం ఉంటుంది. అప్పుడు వచ్చే "ప్రెసిషన్ లాస్" సందేశం చూసి భయపడవద్దు. ఫలితంలోని గ్రేడియంట్ (వాలు) తగినంత చిన్నదైతే జవాబు చాలావరకు పనికొస్తుంది. మరింత కచ్చితత్వం కావాలంటే అవకలజాన్ని మీరే ఇవ్వండి.

అపోహ: నెల్డర్-మీడ్‌కు అవకలజం అక్కర్లేదు కనుక అదే సురక్షితం.

వాస్తవం: కొన్ని బిందువుల వద్ద విలువలను పోల్చుకుంటూ కదిలే 1965 నాటి ఈ పద్ధతి రెండు మూడు చలరాశులకు బాగానే పనిచేస్తుంది. అయితే రెండు చలరాశుల కుంభాకార ప్రమేయంపై కూడా అది కనిష్ఠం కాని చోట ఆగిపోగలదని గణితవేత్త మెకిన్నన్ 1998లో చూపించారు. అది ఆగిన చోటి నుంచి కొత్త సింప్లెక్స్‌తో (అది పోల్చుకునే బిందువుల గుంపుతో) ఇంకోసారి నడిపి, విలువ ఇంకా తగ్గుతోందేమో చూడండి.