గ్యాస్ పైపు పగిలాక గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

2010 సెప్టెంబరు 9 సాయంత్రం 6:11కి అమెరికాలోని శాన్ బ్రూనోలో, ఇళ్ల మధ్య నేల కింద ఉన్న 30 అంగుళాల సహజవాయువు పైపు పగిలింది. అప్పుడు లోపలి పీడనం చదరపు అంగుళానికి 386 పౌండ్లు. అనుమతి 400 దాకా ఉంది, అంటే హద్దు దాటకుండానే పగిలింది. 1956లో వేసిన ఆ పైపు అతుకు లేనిదని రికార్డుల్లో ఉంది. తవ్వి చూస్తే వెల్డింగు సరిగా పట్టని అతుకులు బయటపడ్డాయి. ఎనిమిది మంది చనిపోయారు, 38 ఇళ్లు బూడిదయ్యాయి. విమానాశ్రయం దగ్గరే కావడంతో మొదట చాలామంది విమానం కూలిందనుకున్నారు. పేలుడుకు నీటి పైపు కూడా దెబ్బతిని మంటలార్పే నీళ్లిచ్చే వీధి కుళాయిలు (హైడ్రెంట్లు) ఎండిపోయాయి. గ్యాసు ఆగేసరికి 7:46 అయింది.

ఆ 95 నిమిషాలు ఎక్కడికి పోయాయి? కంట్రోల్ రూములో పీడనం పడిపోతున్నట్టు తెరమీద కనిపిస్తూనే ఉంది. కానీ అలారాల మోతలో ఏ లైను, ఎక్కడ అన్నది తేలడానికే సమయం పట్టింది. పగిలిన చోటికి దగ్గర్లోని వాల్వులు దూరం నుంచి మూసేవి కావు. మెకానిక్కులు బండిలో వెళ్లి చేత్తో తిప్పాల్సి వచ్చింది.

వాల్వు మూయగానే మంట ఆరుతుందనుకుంటే పొరపాటే. రెండు వాల్వుల మధ్య చిక్కుకున్న గ్యాసంతా బయటికి పోయేదాకా మండుతూనే ఉంటుంది. అందుకే అమెరికాలో వాల్వుల మధ్య దూరం మీద నిబంధన పెట్టారు. జనం పలచగా ఉన్న చోట లైనులోని ఏ బిందువుకైనా 10 మైళ్లలోపు వాల్వు ఉంటే చాలు. బహుళ అంతస్తుల భవనాలు ఎక్కువున్న చోట 2.5 మైళ్లలోపు ఉండాలి. మంట ప్రభావం ఎంత దూరం ఉంటుందో లెక్కగట్టే సూత్రం కూడా ఉంది: పీడనానికి వర్గమూలం కట్టి, పైపు వ్యాసం అంగుళాలతో గుణించి, దాన్ని 0.69తో గుణిస్తే అడుగుల్లో వ్యాసార్ధం వస్తుంది. 400 పౌండ్లు, 30 అంగుళాలకు అది 414 అడుగులు. ఆ పరిధిలో ఉన్నవాళ్లకు తొలి నిమిషాల్లోనే ముప్పు. నిజం చెప్పాలంటే, ఎంత త్వరగా మూసినా వాల్వు వాళ్లను కాపాడడం కష్టం. అది చేసే మేలు వేరు: మంట పక్క వీధులకు పాకకుండా ఆపి, ఫైర్ సిబ్బందికి లోపలికి దారి ఇస్తుంది.

ఆ సిబ్బందికి నేర్పేది కూడా మామూలు అలవాటుకు ఎదురుగా ఉంటుంది. గ్యాసు ఆగనిదే మంట ఆర్పొద్దు. ఆర్పితే గ్యాసు కాలకుండా పోగుపడుతుంది. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. చుట్టుపక్కల ఇళ్లను తడుపుతూ, జనాన్ని గాలి వచ్చే దిక్కుకు తరలించాలి. పైప్‌లైను వాల్వులను సొంతంగా తిప్పకూడదు, ఒకచోట మూస్తే ఇంకోచోట పీడనం తారుమారవుతుంది.

ఇళ్లకు వెళ్లే గ్యాసులో వాసన కలుపుతారు, గాలిలో గ్యాసు 1 శాతం ఉన్నా ముక్కుకు తెలియాలన్నది నిబంధన. ఊళ్లకు దూరంగా వెళ్లే పెద్ద లైన్లలో చాలాచోట్ల ఆ వాసన ఉండదు. అక్కడ బుస్సుమనే చప్పుడు, నీటిలో బుడగలు, ఎండిన గడ్డి పట్టీ, ఎగిరే దుమ్ము చూసి పసిగట్టాలి.

ప్రమాదం తెలిసిన గంటలోపు పైప్‌లైను కంపెనీ ప్రభుత్వ కేంద్రానికి ఫోన్ చేయాలి, 48 గంటల్లో వివరాలు సరిచూసి చెప్పాలి, 30 రోజుల్లో రాతపూర్వక నివేదిక ఇవ్వాలి. ఇదంతా కాగితం పని. అసలు మార్పు 2022 నిబంధనలో వచ్చింది. 15 నిమిషాల్లోపు పీడనం కారణం తెలియకుండా 10 శాతానికి మించి పడితే, పైపు పగిలి ఉండొచ్చని భావించి వెంటనే 911 (అక్కడి అత్యవసర ఫోన్ నంబరు) కేంద్రానికి చెప్పాలి. నిర్ధారణ దాకా ఆగనక్కర్లేదు. పగిలిందని గుర్తించాక 30 నిమిషాల్లో వాల్వు మూసుకోవాలి.

మెలిక 'గుర్తించాక' అన్న చోట ఉంది. పగలడానికీ గుర్తించడానికీ మధ్య ఎంత సమయం పట్టినా ఆ 30 నిమిషాల్లోకి రాదు. ఇలా 30 నిమిషాల్లో మూసుకోవాల్సిన వాల్వులు 6 అంగుళాలు, అంతకు మించిన కొత్త పైపులకు, 2023 ఏప్రిల్ 10 తర్వాత భారీగా మార్చిన భాగాలకే తప్పనిసరి. అంతకు ముందే నేలలో ఉన్న పైపుకు, 1956 నాటిదైనా సరే, ఆ వాల్వు పెట్టాలన్న ఒత్తిడి ఈ నిబంధనలో లేదు.