మక్కకు లీటరు రేటు ఉంది, క్వింటాలు రేటేది?

2025-26లో మక్క (మొక్కజొన్న) మద్దతు ధర క్వింటాలుకు 2400 రూపాయలు. 2025 వానాకాలం పంటకు చాలా యార్డుల్లో వ్యాపారులు పలికింది 1600 నుంచి 1900 మధ్య. ఆ అక్టోబరు చివర మొంథా తుపానుకు వరంగల్ వైపు ఆరబోసిన మక్కలు తడిసి ముద్దయ్యాయి. కర్ణాటకలో హావేరి, గదగ్ రైతులు రోడ్డెక్కితే, ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రధానికి లేఖ రాశారు. మక్క మళ్లీ వార్తల్లోకొచ్చింది.

ఈ పంట మన దగ్గరికి ఎప్పుడొచ్చింది, హైబ్రిడ్లు ఎలా పాకాయి, కత్తెర పురుగు ఏం చేసింది, ఇవన్నీ తెలిసినవే. అసలు మలుపు 2023 డిసెంబరు, 2024 జనవరి నెలల్లో ఉంది.

2023 జులైలో ఎఫ్‌సీఐ (కేంద్ర ప్రభుత్వ ఆహార ధాన్యాల సంస్థ) బియ్యాన్ని ఇథనాల్ (పెట్రోలులో కలిపే ఆల్కహాల్) ఫ్యాక్టరీలకు ఇవ్వడం ఆపేశారు. డిసెంబరులో చెరకు రసం వాడకం మీద ఆంక్షలు పెట్టారు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం మాత్రం అలాగే ఉంది. ఇక మిగిలింది మక్కే. జనవరిలో చమురు కంపెనీలు మక్క ఇథనాల్‌కు లీటరుకు 5.79 రూపాయలు పెంచి 71.86 చేశాయి. బియ్యం, చెరకు, దేనితో చేసిన ఇథనాల్‌కూ ఇంత రేటు లేదు.

చిన్న లెక్క చూడండి. క్వింటాలు మక్కలకు సుమారు 38 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అంటే 2700 పైచిలుకు రూపాయలు. మిగిలే పిప్పి 30 కిలోల దాకా ఉంటుంది, అది దాణాగా అమ్ముడవుతుంది. రైతుకు 2400 ఇచ్చినా, 1700 ఇచ్చినా ఫ్యాక్టరీకి వచ్చే లీటరు రేటు మారదు. మద్దతు ధర కట్టి తీరాలన్న షరతు ఎవరి మీదా లేదు. లీటరుకు గ్యారంటీ దొరికింది, క్వింటాలుకు దొరకలేదు.

ఏడాదిలోనే దేశం తీరు మారిపోయింది. 2021-22, 2022-23ల్లో ఏటా 30 లక్షల టన్నులకు పైగా ఎగుమతి చేసిన మనం 2024లో మయన్మార్, ఉక్రెయిన్ల నుంచి తెప్పించుకున్నాం. దాణాలో సగానికి పైగా మక్కే కాబట్టి కోళ్ల ఫారాల వాళ్లు సుంకం లేకుండా దిగుమతి చేసుకోనివ్వమని అడిగారు. వాళ్ల ఇబ్బంది వాళ్లది. రైతు మాత్రం రేటు చూసి ఇంకో రెండెకరాలు పెంచాడు. దేశంలో 2024-25 దిగుబడి 4 కోట్ల టన్నులు దాటింది.

ఇక్కడ 2020 గుర్తుకు రావాలి. ఆ వానాకాలం తెలంగాణ ప్రభుత్వం నియంత్రిత సాగు పేరుతో మక్క వేయొద్దని చెప్పింది. వేసిన వాళ్లు అక్టోబరులో జగిత్యాల, మెట్‌పల్లి వైపు ధర్నాలు చేశాక 1850కి కొంటామని దిగొచ్చింది. నాలుగేళ్లు తిరక్కముందే అదే పంట దేశానికి ఇంధనమైంది. వద్దన్నదీ పైవాళ్లే, రేటు చూపించి వేయించిందీ పైవాళ్లే.

తర్వాత కుళాయి రెండోవైపు తిప్పారు. 2024 ఆగస్టులో చెరకు మీద ఆంక్షలు తీసేశారు, బియ్యం తలుపులు మళ్లీ తెరిచారు. 2025 జనవరిలో ఎఫ్‌సీఐ బియ్యాన్ని ఫ్యాక్టరీలకు క్వింటాలు 2250కే ఇచ్చారు, తర్వాత కోటాను 52 లక్షల టన్నులకు పెంచారు. 2025-26 మక్క మద్దతు ధర 2400 కంటే బియ్యమే చౌక! పైగా టన్నుకు బియ్యం నుంచే ఎక్కువ ఇథనాల్ వస్తుంది. 2025 అక్టోబరుకల్లా చమురు కంపెనీలు 1050 కోట్ల లీటర్లు అడిగితే, ఫ్యాక్టరీలు 1776 కోట్ల లీటర్లు ఇస్తామని ముందుకొచ్చాయి. కేటాయింపుల్లో పెద్ద వాటా మక్కదేనని కేంద్రం అంది. ఫ్యాక్టరీల వాళ్లు కెపాసిటీ సగం ఖాళీగా ఉందన్నారు. కొనాల్సింది రాష్ట్రమేనని కేంద్రం, ఈ భారమంతా మా మీదేనా అని రాష్ట్రం.

తెలంగాణలో పంటలు కొనే సహకార సంస్థ మార్క్‌ఫెడ్ కేంద్రాలు తెరిచింది. తేమ 14 శాతం మించకూడదు, ఎకరాకు ఇన్ని క్వింటాళ్లే అన్న పరిమితి. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ఒక కేంద్రం దగ్గర మాయిశ్చర్ మెషిన్ 17 చూపించింది. ఆ రైతు ఏమీ అనలేదు, పరదా మళ్లీ పరిచి కాళ్లతో మక్కలు నెరిపాడు. రెండు రోజులు ఎండ కావాలి, పరదాల కిరాయి, రాత్రి కాపలా అదనం. సన్న వడ్లకు 500 బోనస్ ఉంది, దీనికి లేదని పక్కనున్నాయన అన్నాడు. యాసంగికి ఏం వేస్తారని ఆ రైతును అడిగితే, వరికి నీళ్లు చాలవని, మక్క విత్తనాల సంచి ఇంట్లో ఉందని చెప్పాడు. పంట వచ్చాక కట్టాలని అప్పు మీద తెచ్చిందట.