స్మడ్జ్ బ్రష్: రంగు ఎంత దూరం సాగాలి?

ఒడిశాలోని గజపతి జిల్లాలో 1,501 మీటర్ల మహేంద్రగిరి మీదికి వానాకాలంలో మబ్బు దిగితే, కొండ ఎక్కడ ఆగిందో మబ్బు ఎక్కడ మొదలైందో గీత గీసి చూపించలేం. కంప్యూటర్‌లో ఆ అంచు వేయడానికి స్మడ్జ్ బ్రష్ కావాలి, అంటే ఉన్న రంగునే వేలితో రుద్దినట్టు సాగదీసే బ్రష్. తయారుగా దొరికే బ్రష్‌లు దీనికి చాలావరకు సరిపడవు. బొమ్మలు వేసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్రీటాలో సొంతంగా ఒకటి చేసుకోవడం పెద్ద పనేం కాదు.

స్మడ్జ్ గీత మన కంటికి ఒకే చారలా కనిపిస్తుంది గానీ, నిజానికి అది వరసగా పడే ముద్రలు. ప్రతి ముద్రా కింద ఉన్న రంగును కాస్త అందుకుంటుంది, మోసుకొచ్చినదాన్ని కాస్త వదులుతుంది. ఎంత మోయాలో చెప్పేది స్మడ్జ్ లెంగ్త్. ఎంత దూరానికి ఒక ముద్ర పడాలో బ్రష్ వెడల్పులో వంతుగా చెప్పేది స్పేసింగ్. చాలామంది మొదటిదాన్నే తిప్పుతూ కూర్చుంటారు, అసలు పేచీ రెండోదానితో ఉంటుంది.

లెక్క చూడండి. బ్రష్ వెడల్పు 50 పిక్సెళ్లు, స్పేసింగ్ 0.1 అంటే 5 పిక్సెళ్లకో ముద్ర. ఒక్కో ముద్రకు మోస్తున్న రంగులో 90 శాతం నిలుస్తుందనుకుందాం. 50 పిక్సెళ్లు సాగేసరికి పది ముద్రలు పడతాయి. 0.9ని పదిసార్లు హెచ్చిస్తే సుమారు 0.35. గీత నున్నగా రావాలని స్పేసింగ్ 0.05 చేశారా, అంతే దూరంలో ఇరవై ముద్రలు, మిగిలేది 0.12. మబ్బు తోక పొట్టిదైపోయింది! పాత పొడవు మళ్లీ రావాలంటే 90ని 95 చేయాలి. అలాగని స్పేసింగ్‌ను 0.01కి దించితే ప్రతి ముద్రకూ కాన్వాస్‌ను చదవాల్సిన కంప్యూటర్ మొరాయిస్తుంది, గీత పెన్ను వెనకాల ఈడుస్తూ వస్తుంది.

ఎఫ్5 నొక్కి బ్రష్ ఎడిటర్ తెరిచి, కలర్ స్మడ్జ్ ఇంజిన్ ఎంచుకోండి. కొన గుండ్రంగా, అంచులు మెత్తగా ఉండాలి. కలర్ రేట్ ఆపేయండి, లేకపోతే చేతిలో ఉన్న రంగు కూడా కలిసిపోతుంది. మబ్బుకి డల్లింగ్ మోడ్ మేలు: కింద ఉన్న రంగును ఒకే రంగుగా తీసుకుంటుంది. రాతి గరుకు పోకూడదనుకుంటే స్మియరింగ్, అది కింది బొమ్మనే ముక్కగా లాగుతుంది. పెన్ను ఒత్తిడిని స్మడ్జ్ లెంగ్త్‌కి కలిపి, సైజు నుంచి తీసేయండి. నచ్చాక ఈ అమరికను కొత్త ప్రీసెట్‌గా సేవ్ చేయడం మరవకండి.

ఖాళీ లేయర్ (బొమ్మలో ఒకదానిపై ఒకటి పరిచే పొర) మీద ఎంత రుద్దినా ఏమీ కదలకపోతే బ్రష్ పాడైనట్టు కాదు, అక్కడ అందుకోవడానికి రంగే లేదు. బ్రష్ ఎడిటర్‌లో ఓవర్‌లే అనే ఆప్షన్ పెడితే కింది లేయర్ల రంగు కూడా అందుతుంది. ఆకాశంలో మెట్లు మెట్లుగా పట్టీలు తేలితే ఫైలు 8 బిట్‌లో ఉందేమో చూడండి. ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, పదేపదే కలిపేకొద్దీ భిన్నాలు దగ్గరి మెట్టుకి సర్దుకుపోతాయి. 16 బిట్‌లో 65,536 మెట్లు.

ఎరుపూ ఆకుపచ్చా కలిసే చోట బురద రంగు రావడం వేరే తంటా. తెర రంగులను అంకెల్లో రాసే సాధారణ పద్ధతి ఎస్ఆర్‌జీబీలో 255కీ సున్నాకీ సగం 128, కానీ వెలుగు పరంగా సగం 188 దగ్గర ఉంటుంది. అందుకే మధ్యభాగం చీకటిగా తేలుతుంది. ఎంత రుద్దినా అది తేటపడదు. మధ్య రంగును మామూలు బ్రష్‌తో ముందే వేసి, రెండు వైపుల అంచులను మాత్రమే కలపాలి.

బరంపురం పట్టుచీర అంచులో గుడి గోపురాల్లాంటి దంతెలు వేసేటప్పుడు మాత్రం ఈ బ్రష్ వాటిని తాకకూడదు. దంతెలను వేరే లేయర్‌లో పెట్టి ఆల్ఫా లాక్ (ఖాళీ చోట రంగు పడకుండా ఆపేది) చేస్తే, లోపలి నీడ ఎంత రుద్దినా మొన చెదరదు.