తోమితే పోయేది మకిలి ఒక్కటే కాదు

పాత వెండి రూపాయి అమ్మకానికి వస్తే అనుభవమున్న వ్యాపారి దాని మీది సంవత్సరం కన్నా ముందు మెరుపు చూస్తాడు. నాణేన్ని దీపం కింద కాస్త వాల్చి తిప్పుతాడు. పెద్దగా అరగని, ఎవరూ తోమని నాణెం మీద వెలుగు చక్రంలా తిరుగుతుంది. టంకశాలలో అచ్చుల మధ్య నలిగిన లోహం అంచుల వైపు పారుతూ కంటికి ఆనని సన్నని గీతలు మిగులుస్తుంది. ఆ మెరుపు వాటిదే. తోమిన నాణెం ఎంత తళతళలాడినా ఆ చక్రం కనిపించదు, వెంట్రుకల్లాంటి గీతలు మాత్రం బయటపడతాయి. ఇక ధర దిగిపోతుంది.

అమ్మేవారికి ఇది అన్యాయంగా తోచడం సహజం. మన ఇళ్లలో వెండికి కుంకుడు రసం, రాగికీ ఇత్తడికీ చింతపండు పెట్టి తోమడమే శుభ్రత. లక్ష్మీపూజలో ఉంచే రూపాయలనూ అలాగే కడుగుతారు. పూజకు అది సబబే. అదే నాణెం సేకరణకర్త చేతికి వచ్చినప్పుడే చిక్కంతా.

ఒకప్పుడు నాణేలను కాపాడాల్సినవారే తోమేవారు. అమెరికా ప్రభుత్వ నాణేల సేకరణ ఫిలడెల్ఫియా టంకశాలలో ఉండేది. దాన్ని చూడబోయిన ఫారన్ జెర్బ్ అనే సేకరణకర్తకు వెండి ప్రూఫ్ నాణేల (చలామణికి కాక సేకరణ కోసం అద్దంలా మెరిసేట్టు ప్రత్యేకంగా ముద్రించినవి) మీద తెల్లటి పొర కనిపించింది. ఆరా తీస్తే, సెలవుల్లో గది మూసి ఉండగా ఓ ఉద్యోగి ఉత్సాహం పట్టలేక బజారు నుంచి లోహపు పాలిష్ తెచ్చి రుద్దాడని తేలింది. జెర్బ్ అసంతృప్తి వెళ్లగక్కితే, తన ఎనిమిదేళ్ల కొలువులో ఇలా మూడు నాలుగుసార్లు జరిగిందని అక్కడి సంరక్షకుడు తాపీగా చెప్పాడట. జెర్బ్ 1903లో ఈ సంగతి రాశాడు.

పొటాషియం సయనైడ్ వాడినవారూ ఉన్నారు. అది వెండి మీది నలుపుతో పాటు కొంత వెండినీ కరిగిస్తుంది. 1922లో జె. శాన్‌ఫర్డ్ సాల్టస్ అనే అమెరికన్ సేకరణకర్త లండన్ హోటల్ గదిలో నాణేలు శుభ్రం చేస్తూ, పానీయం అనుకుని సయనైడ్ ద్రావణం తాగి చనిపోయాడు.

మ్యూజియాలకూ నాణేలను కాపాడే విద్య ఒక్కరోజులో అబ్బలేదు. 1888లో బెర్లిన్ రాజ మ్యూజియాల్లో ఫ్రీడ్రిష్ రాట్‌గెన్ సారథ్యంలో రసాయన ప్రయోగశాల మొదలైంది. అక్కడ విద్యుత్తుతో చిలుము వదిలించేవారు. కానీ తవ్వకాల్లో దొరికిన నాణెంపై అక్షరాలు చాలాసార్లు చిలుము పొరలోనే నిలిచి ఉంటాయి. ఆ పొర ఊడితే అవీ పోతాయి.

నాణెం మీద చెయ్యి వేయవద్దన్న నియమం గట్టిపడింది మాత్రం, నా దృష్టిలో, డబ్బు వల్లే. 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత రాగి సెంట్లకు వాటి స్థితిని అంచనా వేసే 70 పాయింట్ల కొలబద్ద తెచ్చాడు. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే నాణేల నాణ్యత తేల్చే సంస్థలు వచ్చి, నాణేన్ని ప్లాస్టిక్ డబ్బీలో బిగించి ఆ కొలబద్ద ప్రకారం అంకె వేయడం మొదలుపెట్టాయి. గట్టిగా తోమినట్టు తేలిన నాణేనికి మామూలు అంకె దక్కదు.

ఈలోగా నాణేలు దాచిన సంచులే కొత్త బెడద తెచ్చాయి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ జేబులున్న ఆల్బమ్‌లలో ఏళ్ల తరబడి ఉన్న నాణేలకు పచ్చటి జిగురు పట్టుకుంది. దీన్ని మాత్రం వదిలించాల్సిందే. స్వచ్ఛమైన అసిటోన్ అనే ద్రావకం ఆ జిగురును కరిగిస్తుంది, లోహం జోలికి పోదు. గాజు గిన్నెలో ముంచి, రుద్దకుండా గాలికి ఆరనివ్వాలి. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో నూనెలు, సువాసనలు కలుస్తాయి కాబట్టి అది పనికిరాదు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, వంటింట్లో ఈ పని పెట్టుకోవద్దు.

తెలుగు నేలపై దొరికే శాతవాహనుల సీసపు నాణేల కథ వేరు. కోటిలింగాల, పెద్దబంకూరు లాంటి చోట్ల మట్టిలో రెండువేల ఏళ్లు తట్టుకున్న సీసం చెక్క బీరువాలో, అట్టపెట్టెలో చెడిపోవచ్చు. చెక్క నుంచి, అట్ట నుంచి వెలువడే అసిటిక్ ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా మారుతుంది. దుమ్మనుకుని తుడిస్తే నాణెం మీది ఏనుగు బొమ్మే రాలిపోతుంది. ముందు పెట్టె మార్చాలి, ఆ తర్వాత నిపుణులకు చూపించాలి. పొడి విషపూరితం కాబట్టి నోటితో ఊదకూడదు, ఒట్టి చేత్తో తాకకూడదు.