అమ్మానాన్నల బాధ్యత ఎవరిది? ఆర్డీవో ఆఫీసు వరండాలో వినిపించే అపోహలు

పెద్దవాళ్ల తరఫున పోషణ అర్జీలు రాసిపెట్టడం నా ప్రాక్టీసులో సగం. అవి కోర్టుకు వెళ్లవు. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో నడిపే ట్రైబ్యునల్ వాటిని వింటుంది. అక్కడ లాయర్లు నిలబడి వాదించకూడదని ఆ చట్టంలోనే రాసి ఉంది (కొన్ని హైకోర్టులు వేరేగా చెప్పాయనుకోండి, మా బార్‌లో ఎవర్ని కదిపినా దీని మీద గంట మాట్లాడతారు). అందుకే నా పనంతా వరండాలోనే. అర్జీ రాయడం, కాగితాలు సర్దడం, వచ్చినవాళ్ల గోడు వినడం. చిత్రమేమిటంటే, అర్జీ పెట్టే తల్లిదండ్రులూ నోటీసు అందుకున్న పిల్లలూ చాలాసార్లు ఒకే అపోహల్లో ఉంటారు.

అపోహ: చూడాల్సింది కొడుకులు. పెళ్లయిన కూతురికి సంబంధం లేదు.

వాస్తవం: ఈ చట్టం లెక్కలో పిల్లలంటే మేజర్లయిన కొడుకులు, కూతుళ్లు, మనవలు, మనవరాళ్లు. కూతురికి పెళ్లయిందా లేదా అని అడగదు. హిందువులకైతే 1956 నాటి దత్తత, పోషణ చట్టం నుంచే కూతురికీ ఈ బాధ్యత ఉంది. పెళ్లయిన కూతురి మీద తండ్రి పోషణ కోరవచ్చని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది.

కానీ నా దగ్గరికొచ్చే అమ్మలు ముందే షరతు పెడతారు. "అమ్మాయి పేరు మాత్రం రాయకండి లాయరుగారూ, అత్తారింట్లో మాట పడుతుంది." సరేనని కొడుకుల పేర్లే రాస్తాను. తొలి వాయిదాకే కొడుకు వచ్చి అక్కనూ చేర్చమంటాడు. ఆ హక్కు అతనికి చట్టంలోనే ఉంది. ఇలా అడిగేవాళ్లలో కొందరు అంతకుముందే అదే అక్క చేత పుట్టింటి ఆస్తిలో వాటా వద్దని హక్కు విడుదల పత్రం రాయించుకున్నవాళ్లు. పంపకాల రోజున పరాయిదైన ఆడపిల్ల నోటీసు రాగానే ఇంటి మనిషైపోతుంది!

అపోహ: నాకేం ఆస్తి ఇచ్చాడని చూడాలి?

వాస్తవం: కన్నబిడ్డల విషయంలో ఆస్తి ప్రస్తావనే లేదు. సెంటు భూమి ఇవ్వకపోయినా బాధ్యత బాధ్యతే. తన సంపాదనతో గానీ ఆస్తితో గానీ బతకలేని స్థితిలో తల్లో తండ్రో ఉన్నారా అన్నదే ప్రశ్న. ఆస్తికీ బాధ్యతకూ ముడిపెట్టింది పిల్లలు లేని పెద్దవాళ్ల విషయంలో. వాళ్ల ఆస్తి ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు, రేపు వారసత్వంగా పొందబోయేవాళ్లు, తగిన స్తోమత ఉంటే పోషించాలి. అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురుంటే ఎవరికెంత వాటా వస్తుందో ఆ నిష్పత్తిలో ఖర్చు పెట్టుకోవాలి. బాబాయి పొలం మీద కన్నేసిన అన్న కొడుకులకు ఈ సంగతి చెబితే మొహాలు చూడాలి.

అపోహ: ఆస్తి రాసిచ్చాక చూడకపోతే ఏముంది, రద్దు చేయించుకోవచ్చు. చట్టం వచ్చిందిగా.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, కాస్త ఓపిగ్గా చదవండి. కనీస వసతులు, అవసరాలు చూడాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్లు ఆ షరతు తప్పితే, ఆ బదిలీ చెల్లదని ట్రైబ్యునల్ ప్రకటించవచ్చని 23వ సెక్షన్ చెబుతుంది. చట్టం అమల్లోకి వచ్చాక రాసిన దస్తావేజులకే ఇది వర్తిస్తుంది. అసలు కీలకం ఆ షరతు.

ఇప్పుడు మన దస్తావేజులు ఎలా ఉంటాయో చూడండి. "నా యందు మీరు చూపుచున్న భయభక్తులకు సంతసించి, మీ యందు గల ప్రేమాభిమానములచేత ఈ దిగువ షెడ్యూలు ఆస్తిని మీకు దఖలుపరచితిని. నేటి నుండి పుత్రపౌత్ర పారంపర్యముగా దానాది వినిమయ విక్రయ సర్వస్వామ్యములతో అనుభవించగలరు." సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట దస్తావేజు లేఖరి దగ్గర ఇదే నమూనా, పేర్లూ సర్వే నంబర్లూ మారతాయంతే. ఇందులో ప్రేమ ఉంది, భక్తి ఉంది, అన్నం పెట్టాలన్న మాట ఒక్కటి లేదు. షరతు ఉన్నట్టు రుజువు లేకపోతే 23వ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో తేల్చింది. 2025 జనవరిలో మరో కేసులో ఇది పెద్దవాళ్ల మేలు కోసం వచ్చిన చట్టం కాబట్టి ఉదారంగా చూడాలంటూ తల్లి రాసిన దానపత్రాన్ని రద్దు చేసింది. నిజమే, కానీ ఆ కేసులో కొడుకు పోషిస్తానన్న మాట కాగితం మీద ఉంది.

కాబట్టి రాసివ్వక తప్పదనుకుంటే "నా జీవితాంతం తిండి, నివాసం, వైద్యం మీరు చూడవలెను, తప్పినచో ఈ దస్తావేజు రద్దగును" అని స్పష్టంగా రాయించండి. ఆ ఇంట్లో బతికినంతకాలం ఉండే హక్కు మీకే అట్టిపెట్టుకోండి. నన్నడిగితే అసలు రాసివ్వకండి. వీలునామా రాసుకోండి, బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. "పిల్లల మీద నమ్మకం లేదా?" అని చుట్టాలు దెప్పుతారు. దెప్పనివ్వండి.

అపోహ: ఇంట్లో కోడలుందిగా, ఆవిడ చూసుకుంటుంది.

వాస్తవం: 2007 చట్టంలో పిల్లల నిర్వచనంలో కోడలు గానీ అల్లుడు గానీ లేరు. చేర్చాలని 2019లో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు, అది చట్టం కాకుండానే 2024లో సభ రద్దుతో పోయింది. అయినా పక్కమీద ఉన్న అత్తగారికి డైపర్ మార్చేది, రాత్రి రెండింటికి లేచి నీళ్లిచ్చేది, షుగర్ మాత్ర వేళకు వేసేది ఎవరో మీకూ తెలుసు. ట్రైబ్యునల్ డబ్బు ఇప్పించగలదు, సేవ ఇప్పించలేదు. బాధ్యత ఎవరిదన్న వాదన మొత్తం డబ్బు చుట్టూ తిరుగుతుంది. ఆ చాకిరీ మాత్రం చట్టంలో పేరే లేని మనిషి నెత్తిన పడుతుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు రాజీకి కూర్చున్నప్పుడు నేను రెండు జాబితాలు రాయిస్తాను. ఎవరు ఎంత ఇస్తారన్నది ఒకటి, ఏ పని ఎవరు చేస్తారన్నది ఇంకొకటి. మొదటిదాని మీద బేరాలు సాగుతాయి, రెండోది చూడగానే అందరికీ ఫోన్లు వస్తాయి.

ఇంకో సంగతి. కోడల్ని ఇంట్లోంచి పంపేయడానికి ఈ చట్టాన్ని వాడదామని వచ్చేవాళ్లూ ఉన్నారు. గృహహింస చట్టం కింద ఆమెకున్న నివాస హక్కును ఈ దారిలో తుడిచిపెట్టడం కుదరదని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులోనే చెప్పింది.

అపోహ: గవర్నమెంటు పింఛను వస్తోందిగా.

వాస్తవం: వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000. దాంతో పిల్లల బాధ్యత తీరిపోదు.

అపోహ: ట్రైబ్యునల్‌కు వెళ్తే లక్షలు ఇప్పిస్తారు, లేకపోతే కొడుకును జైల్లో వేస్తారు.

వాస్తవం: నెలకు 10,000 మించి ఇప్పించే వీలు లేదు. 2007లో పెట్టిన ఆ పరిమితి ఇంకా కదల్లేదు, ఇంట్లో పగలూ రాత్రీ మనిషిని పెట్టుకోవాలంటే ఏ మూలకూ చాలదు. ఎక్కువ కావాలంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 144వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లవచ్చు, అక్కడ పరిమితి లేదు. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. ట్రైబ్యునల్ నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. జైలు మాట ఆదేశం వచ్చాక కూడా సరైన కారణం లేకుండా కట్టనప్పుడే, అదీ నెల వరకు.

అపోహ: వృద్ధాశ్రమంలో చేర్చడం నేరం.

వాస్తవం: పూర్తిగా వదిలించుకోవాలన్న ఉద్దేశంతో ఎక్కడో దింపి పోవడం నేరం. మూడు నెలల వరకు జైలు, 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. వాళ్లు ఇష్టపడి చేరితే, పిల్లలు ఖర్చు భరిస్తూ వచ్చి చూసి వెళ్తుంటే అది వదిలేయడం కాదు. ఒంటరిగా ఫ్లాటులో టీవీ ముందు కూర్చోబెట్టడం కంటే చాలాసార్లు నయం కూడా. ఇక ప్రభుత్వం సంగతి. జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ఉండాలని చట్టం ఊహించింది, కానీ "ఏర్పాటు చేయవచ్చు" అని వదిలేసింది. పిల్లలకు తప్పనిసరి, సర్కారుకు ఐచ్ఛికం. ఇది నాకు మింగుడుపడదు.

అపోహ: అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, ఏం చేయలేం.

వాస్తవం: విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ ఈ చట్టం వర్తిస్తుంది, సమన్లు పంపే పద్ధతి కూడా అందులోనే ఉంది. వసూలు కష్టమే, దాచను. అయితే ఇక్కడే ఉన్న మిగతా పిల్లల మీద అర్జీ పెట్టడానికి అది అడ్డు కాదు.

వంతుల మీద నెలకొకరి ఇంట్లో ఉండేవాళ్లు ఏ ఊళ్లో పెట్టాలని అడుగుతుంటారు. ఇప్పుడున్న జిల్లాలోనైనా, చివరగా ఉన్న జిల్లాలోనైనా, పిల్లలున్న జిల్లాలోనైనా పెట్టవచ్చు. మీరు వెళ్లలేకపోతే మీరు అధికారమిచ్చిన ఎవరైనా మీ తరఫున పెట్టవచ్చు. తెల్లకాగితం మీద రాయాలన్నా చేయి వణుకుతుంటే, ముందు 14567కు ఫోన్ చేయండి. అది వయోవృద్ధుల హెల్ప్‌లైన్, పైసా ఖర్చుండదు.